మాత్‌ల కోసం లైటు పెట్టే ముందు

వానలు తగ్గుముఖం పట్టాయంటే హైదరాబాద్‌లో సీతాకోకచిలుకల పిచ్చి ఉన్నవాళ్లం శనివారం కోసం ఎదురుచూస్తుంటాం. పగలంతా అనంతగిరి పక్కన సీతాకోకలు, రాత్రి తెల్లగుడ్డ కట్టి లైటు పెడితే మాత్‌లు, అంటే రాత్రిపూట ఎగిరే సీతాకోకల్లాంటి పురుగులు. చూపంతా రెక్కల మీదే పెట్టి మిగతావి మర్చిపోవడమే అసలు చిక్కు.

ఉదాహరణకి జిల్లేడు. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోక దాని ఆకు అడుగున గుండుసూది తలకాయంత గుడ్డు పెడుతుంది. చూద్దామని ఆకు తిప్పితే తెగి పాలు కారతాయి. అదే చేత్తో చెమట తుడుచుకున్నామా, పాలు కంట్లోకే. మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు, తర్వాత చూపు మసకేస్తుంది. బాటిల్ నీళ్లన్నీ పోసి కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వెన్నెల్లో మాత్‌లు తక్కువ వస్తాయి కాబట్టి అమావాస్య దగ్గరి వారాంతం చూసుకుంటాం. అంటే చిమ్మచీకటి. పొలాల్లో గట్టులేని బావులుంటాయి. వాటికన్నా నాకు అడవిపందుల కోసం దొంగచాటుగా పెట్టే కరెంటు తీగలంటేనే భయం. వాటికి తగిలి మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. వెలుగుండగానే రైతుని అడగండి: "పెద్దయ్యా, తీగలేమన్న కట్టిండ్రా ఇటు?" చీకటి పడ్డాక బాట దిగొద్దు. అడవి లోపలైతే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.

160 వాట్ల మెర్క్యురీ బల్బు బాగా వేడెక్కుతుంది, చినుకు పడితే పగులుతుంది. పై గాజు పోయినా వెలుగుతోందంటే వెంటనే ఆపేయండి, ఆ వెలుతురు కళ్లకి మంచిది కాదు. వైరు జాయింట్లు తడిగడ్డి మీద పడకుండా చూసుకోవాలి.

లైటుకి మాత్‌లే రావు. చీమలా సన్నగా, నారింజ, నలుపు పట్టీలతో ఒక పురుగు వస్తుంది. అది కుట్టదు, కానీ చిదిపితే దాని రసానికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. నేనోసారి మెడ మీద పాకుతుంటే అలవాటుగా ఒక్కటేశాను, వారం రోజులు కాలర్ చొక్కా వేసుకోలేదు. ఊది పారేసి సబ్బుతో కడుక్కోండి.

పురుగుల కోసం కప్పలొస్తాయి, కప్పల కోసం పాములు. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. కాళ్లకి గమ్‌బూట్లు, చేతిలో టార్చి, పడుకోవడానికి మడతమంచం ఉండాలి. చాప వేసుకుని నేల మీద పడుకోవద్దు. కట్లపాము కాటుకి నొప్పి, వాపు దాదాపు ఉండవు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. తాడు కట్టడం, కోయడం లాంటివి చెయ్యొద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. పాము విషానికి ఇంజెక్షన్ దొరికే పెద్దాసుపత్రి దగ్గర్లో ఎక్కడుందో హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే కనుక్కుని ఉంచుకోండి.

పొద్దున, మాత్‌లు పడేందుకు లైటు కింద పెట్టిన ట్రాప్ బకెట్‌లో, అవి దాక్కోవడానికి వేసిన కోడిగుడ్ల అట్టలు తీసేటప్పుడు అడుగున వేళ్లు పెట్టొద్దు, తేలు ఉండొచ్చు. మాత్‌లని గుబురు పొదల్లోకి మెల్లగా దులపండి. బయట వదిలితే, అప్పటికే తీగ మీద కూర్చున్న ఏట్రింత పిట్టలకి టిఫిన్ పెట్టినట్టే.