కీమో అయి ఇంటికొచ్చిన లుకేమియా రోగికి జ్వరం వస్తే ఏం చేయాలి?

మా అక్క కొడుక్కి ఏడేళ్లప్పుడు ఏఎల్‌ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) రకం లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, వచ్చింది. మూడేళ్లకు దగ్గరగా సాగిన ట్రీట్‌మెంట్‌లో సగం రాత్రులు అటెండెంట్ కుర్చీలో నేనే ఉన్నాను. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. అప్పటినుంచి చుట్టాల్లో ఎవరికి ఈ జబ్బు వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. అన్ని ఫోన్లలోనూ ఒకటే మాట: "రాత్రి జ్వరం తగిలింది, డోలో వేశాం, తెల్లారాక చూద్దామనుకున్నాం." వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రక్తకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. అక్కడ ఎదగని తెల్లకణాలు అదుపు లేకుండా పుట్టుకొస్తే మిగతావాటికి చోటు ఉండదు. ఎర్రకణాలు తగ్గి ఆయాసం వస్తుంది, ప్లేట్‌లెట్లు తగ్గి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, ఒంటి మీద కమిలిన మచ్చలు పడతాయి. పనికొచ్చే తెల్లకణాలు తగ్గిపోయి ఇన్ఫెక్షన్లు వస్తాయి. పైగా కీమో చెడ్డవాటితో పాటు మంచి కణాలనూ తుడిచేస్తుంది. ఇది అంటుజబ్బు కాదు. రోగి నుంచి మీకేమీ రాదు, మీ జలుబే రోగికి వస్తుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

రెండు డిజిటల్ థర్మామీటర్లు, ఒక రూళ్ల నోట్‌బుక్కు, ఒక సంచి. నుదుటికి గురిపెట్టే గన్ను వద్దు. ఫోన్‌లో రాసుకుంటామనకండి, పుస్తకమే ఉండాలి. డ్యూటీ డాక్టర్ చేతికి ఫోన్ ఇస్తే లాక్ పడిపోతుంది. సంచిలో డిశ్చార్జ్ సమ్మరీ, ఆఖరి సీబీపీ (రక్తకణాల లెక్క చూపే పరీక్ష) రిపోర్టు, ఆరోగ్యశ్రీ కార్డు, ఛార్జర్, ఒక దుప్పటి పెట్టి తలుపు పక్కన మేకుకి తగిలించండి.

కౌంట్ లెక్క

చాలా కీమో మందులకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య కౌంట్లు, అంటే రక్తకణాల సంఖ్యలు, బాగా పడిపోతాయి. సీబీపీలో మొత్తం తెల్లకణాల సంఖ్యను న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణాలు) శాతంతో గుణించండి. 1,200 కణాల్లో 30 శాతమంటే 360. అది 500 కంటే తక్కువ ఉన్న రోజులకు గోడ క్యాలెండర్ మీద ఎర్రగీత గీయండి.

జ్వరం వచ్చిన రాత్రి

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

100.4 ఫారెన్‌హీట్ చూపించిందంటే బయల్దేరాలి. మీ డాక్టర్ వేరే అంకె చెబితే అదే మీ అంకె. మెడ మీద చెయ్యి పెట్టి "పెద్దగా లేదులే" అనకండి. టైమూ అంకే పుస్తకంలో రాసి, ఆటో ఎక్కుతూ ఆస్పత్రికి ఫోన్ చేయండి.

డాక్టర్‌ని అడక్కుండా పారాసిటమాల్ వేయొద్దు. అంకె దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే పెరుగుతుంది. కౌంట్ లేని ఒంట్లో అది రక్తంలోకి పాకి బీపీ పడిపోవడానికి కొన్ని గంటలు చాలు. ఆస్పత్రికి చేరిన గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కాలని డాక్టర్లు చూస్తారు. మీరు తెల్లారేదాకా ఆగితే ఆ గంటకు అర్థమేముంది?

"దగ్గు లేదు, గడ్డ లేదు, మామూలు జ్వరమే" అని సర్దిచెప్పుకుంటారు. చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి కదా. అవి లేనప్పుడు జ్వరం ఒక్కటే కనిపిస్తుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ వేయించడం ఇంకా ప్రమాదం. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ఆ కండలోనే రక్తం గూడుకడుతుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు. మలద్వారంలో మందు పెట్టడం, థర్మామీటర్ పెట్టడం అసలే వద్దు.

స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. చలితో వణుకుతున్నా, మగతగా పడుకుని పిలిస్తే పలక్కపోయినా, మూత్రం తగ్గినా థర్మామీటర్ మాట నమ్మకండి, బయల్దేరండి.

ఒకసారి ఒక ఆస్పత్రిలో మమ్మల్ని ఓపీ చీటీ లైన్లో నలభై నిమిషాలు నిలబెట్టారు. ఆ తర్వాత నోట్‌బుక్కు మొదటి పేజీలో పెద్దక్షరాలతో "కీమో పేషెంట్, జ్వరం, కౌంట్ తక్కువ" అని రాసి పెట్టుకున్నాను. క్యాజువాలిటీ గుమ్మంలోనే అది తెరిచి చూపిస్తాను. మొహమాటపడొద్దు.

మీ ఊరు ఆస్పత్రికి రెండు గంటల దూరంలో ఉంటే, మొదటి యాంటీబయాటిక్ దగ్గర్లో ఎక్కడ వేయించాలో డాక్టర్‌ని ముందే అడిగి చీటీ రాయించుకోండి. నన్నడిగితే ఎర్రగీత రోజుల్లో ఆస్పత్రి పక్కనే గది తీసుకోవాలి. అద్దె దండగ అనేవాళ్లతో నేను వాదించను.

టానిక్కులు, ఆకుపసర్లు

"రక్తం తక్కువైంది" అనగానే ఎవరో ఒకరు టానిక్ సీసా తెస్తారు. అందులో చాలాసార్లు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులతోనే లుకేమియా చికిత్సకు దారి దొరికింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌నే ఏఎల్‌ఎల్ పిల్లలు ఇప్పటికీ వాడుతున్నారు. అడక్కుండా టానిక్ పోస్తే ఆ మందుకే అడ్డం పడొచ్చు. ఇంటి దగ్గర మింగే మెథోట్రెక్సేట్ మాత్ర సాధారణంగా వారానికోసారే ఉంటుంది. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే వేసిన రోజు పుస్తకంలో టిక్ పెట్టండి. బొప్పాయి ఆకు రసం గురించి నన్ను అడగొద్దు, ఇవ్వొద్దు.

చూడటానికి వచ్చేవాళ్లు

జలుబున్నవాళ్లు గుమ్మం బయటే ఆగాలి. చేతులు కడగనివాళ్లకు కుర్చీ వేయొద్దు. వండినది వేడిగా పెట్టండి, బండి మీద జ్యూసులు వద్దు.

"మేమేం చేయగలం?" అని అడిగేవాళ్ల పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు నోట్‌బుక్కు ఆఖరి పేజీలో రాసుకోండి. ప్లేట్‌లెట్లు మామూలుగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి దాతలందర్నీ ఒకేరోజు పిలిస్తే లాభం లేదు. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు రక్తం ఇస్తామంటే ముందు డాక్టర్‌ని అడగండి. రేపు బోన్ మ్యారో మార్పిడి అవసరమైతే మూలుగ ఇవ్వాల్సింది వాళ్లే కావచ్చు.