ఓపెన్ టాప్ కారా, పైకప్పు ప్యానెల్ తీసే కారా: ఎంచుకోవడం, వాడుకోవడం

పాత స్పోర్ట్స్ కారు కొనదలచినవారు ఎండ, గాలి సంగతి ఆలోచించే ముందు బాడీ బిగువు సంగతి చూసుకోవాలి. గట్టి పైకప్పు లేని ఓపెన్ టాప్ కారులో బరువు మోసే పని చాలావరకు తలుపుల కిందుండే సిల్స్ (బాడీ అడుగు అంచున పొడవునా ఉండే ఉక్కు పెట్టెల్లాంటి భాగాలు) మీదే పడుతుంది. 1962లో వచ్చిన ఎంజీబీ రోడ్‌స్టర్ వంటి కారును చూడడానికి వెళ్లినప్పుడు, తలుపు మూసి, దానికీ వెనుక బాడీకీ మధ్యనున్న సందును వేలితో తడిమి గుర్తుపెట్టుకుని, జాకీతో ఒక పక్కను కొద్దిగా లేపించి మళ్లీ చూడండి. సందు వెడల్పు మారినా, తలుపు బిగుసుకుపోయినా సిల్స్ లోపల తుప్పు పట్టిందని అనుమానించాలి. పైన రంగు ఎంత మెరిసినా అటువంటి కారును నేనైతే కొనను.

ప్యానెల్ కార్లు, అంటే పైకప్పులోని గట్టి పలకను ఊడదీయగలిగే కార్లు, పుట్టడానికి కారణాలు వేరు. అమెరికా భద్రతా నిబంధనలు ఓపెన్ కార్లను నిషేధిస్తాయేమోనన్న భయం ఉన్న రోజుల్లో, 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పోర్షె 911 టార్గాను చూపించింది. సీట్ల వెనుక అడ్డంగా నిలిచిన ఉక్కు కమాను దాని గుర్తు. 1968 కార్వెట్‌లోనైతే, బాడీ మెలితిరగకుండా పైన నడిమధ్య ఒక పట్టీ ఉంచి, దానికి అటొకటి ఇటొకటిగా రెండు ప్యానెళ్లు అమర్చారు.

వాన విషయంలో మాత్రం ఓపెన్ టాపుదే పైచేయి. 1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 గుడ్డ టాపును సీట్లో కూర్చునే ఒక చేత్తో లాగి వేసుకోవచ్చు; ప్యానెల్ కారును పక్కకు ఆపి, దిగి బిగించాల్సిందే. కాబట్టి ప్యానెల్‌ను ఇంట్లో వదిలి వెళ్లకండి. ఫియట్ ఎక్స్1/9లో దాన్ని ముందు డిక్కీలోనే పెట్టుకునే ఏర్పాటుంది.

ప్యానెల్ తీసేటప్పుడు కారును సమతలంగా ఉన్న చోట ఆపి, కిటికీ అద్దాలు పూర్తిగా దించి, గొళ్లేలు వదులు చేశాక ఇద్దరు చెరోవైపు పట్టుకుని నిటారుగా పైకి లేపాలి. ఎత్తుపల్లాల నేల మీద బాడీ కొద్దిగా మెలిపడి ఉంటుంది కనుక తిరిగి పెట్టేటప్పుడు ప్యానెల్ సరిగ్గా కూర్చోదు. తీసినదాన్ని గోడకు ఆనించకుండా మడిచిన దుప్పటి మీద ఉంచండి.

అసలు శ్రద్ధంతా ప్యానెల్ అంచుల్లోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు సీళ్ల మీద పెట్టాలి. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. పెట్రోలియం జెల్లీ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. తరువాత రబ్బరు మీద సన్నని కాగితపు ముక్క ఉంచి ప్యానెల్ బిగించి, కాగితాన్ని మెల్లగా లాగండి. బిగువుగా వస్తే సీలు అక్కడ పని చేస్తున్నట్టు, జారి వచ్చేస్తే నీళ్లు కారేది అక్కడే. ఇలా జానెడు దూరానికొకసారి చుట్టూ పరీక్షించి, జారిన చోట్ల సుద్దతో గుర్తు పెట్టుకుంటే, సీలు మొత్తం మార్చాలో, గొళ్లెం బిగువు సవరిస్తే చాలో తేలిపోతుంది.