ఒక విద్యార్థికి నలుగురు అండగా ఉంటే ఎవరేం చేయాలి?

కష్టంలో ఉన్న విద్యార్థి కోసం నలుగురు ముందుకు రావడం మంచిదే, కానీ ఆ నలుగురూ విడివిడిగా పిలిచి "ఏమైంది, చెప్పు" అంటే ఇంట్లో గొడవ సంగతి నాలుగుసార్లు చెప్పుకోవాలి, పైగా ఒకదానికొకటి పొంతనలేని నాలుగు సలహాలు వినాలి. అందుకే ముందు పని పంచుకోండి.

ముఖ్యంగా మాట్లాడే మనిషి, అంటే మెంటర్, ఒక్కరే ఉండాలి. అదెవరో మీలో మీరు తేల్చేయకండి, విద్యార్థినే అడగండి. హోదా ఉన్నవాళ్ల దగ్గరకంటే చనువున్నవాళ్ల దగ్గరే ఎవరైనా నోరు విప్పుతారు. మిగతావాళ్లలో ఒకరు వెనకబడ్డ పాఠాలు, ఒకరు ఫీజు, కాగితాల వ్యవహారం చూసుకుంటే చాలు.

మొదటిసారి కూర్చున్నప్పుడు సలహాలు వద్దు. "ఎలా ఉన్నావ్?" అంటే "బాగానే ఉన్నా" అనే వస్తుంది. "ఈ వారం నిన్ను బాగా టెన్షన్ పెట్టిందేంటి?" అని అడిగి ఊరుకోండి. కాసేపు ఎవరూ మాట్లాడకపోతే మనకే ఉండబట్టక ఏదో ఒకటి అనేస్తాం, చాలామంది చెడగొట్టేది అక్కడే. వచ్చిన జవాబులోంచి ఒక్క చిన్న పని పట్టుకోండి. ఉదాహరణకి, అసైన్‌మెంట్‌కి ఇంకో వారం గడువు అడుగుతూ లెక్చరర్‌కి మెసేజ్. మీరు పక్కన కూర్చోండి, టైప్ చేయడం మాత్రం విద్యార్థినే చేయనివ్వండి.

రహస్యాల సంగతి మొదటిరోజే తేల్చేయాలి: "నువ్వు చెప్పింది నిన్నడగకుండా ఎవరికీ చెప్పను, ప్రాణం మీదికొచ్చే విషయమైతే మాత్రం దాచను." చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే కౌన్సెలర్‌కో డాక్టర్‌కో అప్పగించండి. అది మెంటర్ ఒక్కరే మోసే పని కాదు.

మీకెంత తీరిక ఉందో లెక్కేసుకున్నాకే మాటివ్వండి. 2002లో అమెరికాలో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ ప్రచురించిన అధ్యయనంలో ఏడాదికి పైగా మెంటర్ తోడున్న పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది, మూడు నెలల్లోపే ఆ బంధం తెగిపోయినవాళ్లకు తమ మీద తమకున్న విలువ తగ్గింది. అంటే ఉత్సాహంగా మొదలుపెట్టి మాయమైపోవడం సాయం కాదు, హాని. తప్పుకోవాల్సి వస్తే ముందే చెప్పి, మీ స్థానంలో వచ్చేవాళ్లతో ముగ్గురూ కలిసి ఒకసారి కూర్చోండి. ఇప్పటిదాకా ఏం జరిగిందో, అందులో ఎంత చెప్పాలో విద్యార్థినే చెప్పనివ్వండి.