తొలి సైకిళ్ల చరిత్ర తెలుసుకుని నేటి సైకిలును సరిగా తొక్కడం ఎలా?

పిల్లలకు సైకిలు నేర్పేటప్పుడు మొదట పెడళ్లు విప్పేయండి. జర్మనీలోని మన్‌హైమ్‌లో 1817 జూన్‌లో కార్ల్ ద్రైస్ నడిపిన చెక్క వాహనానికి పెడళ్లు లేవు. దానిమీద కూర్చున్నవారు పాదాలతో నేలను తన్నుతూ, ముందు చక్రాన్ని తిప్పుతూ బ్యాలెన్సు నిలుపుకొనేవారు. నేటి పిల్లల బ్యాలెన్స్ బైకు పనిచేసేదీ అలాగే. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనేటట్లు సీటు దించి, మెల్లని వాలుమీద కొద్దికొద్దిగా జారనిస్తే, పక్కన పట్టుకుని పరుగెత్తడం కన్నా ఇది త్వరగా పట్టుబడుతుంది. విప్పేటప్పుడు ఒక సంగతి గమనించాలి: కుడి పెడలు అపసవ్య దిశలో ఊడుతుంది గానీ, ఎడమదానికి మరలు తిరగబడి ఉంటాయి కనుక దాన్ని సవ్య దిశలోనే తిప్పాలి. సాధనకు మైదానమే మేలు. కాలిబాటలమీద ఈ వాహనాలను నడపరాదని మన్‌హైమ్‌లో 1817లోనే నిషేధించారంటే, నడిచేవారి ఫిర్యాదు ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

గేర్ల విషయంలో చరిత్ర ఇంకా ఎక్కువగా ఉపయోగపడుతుంది. 1860లలో పారిస్‌లో తయారైన వాహనాలలో పెడళ్లను ముందు చక్రం ఇరుసుకే బిగించేవారు కాబట్టి, కాలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరిగేది. ఎక్కువ వేగం కావాలంటే చక్రాన్ని పెంచడమే మార్గం కావడంతో 1870లలో ఎత్తైన ముందు చక్రం సైకిళ్లు వచ్చాయి. వాటి పరిమాణానికి తొక్కేవారి కాలి పొడవే హద్దు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు, వెనుక చక్రాన్ని చైనుతో తిప్పి ఆ హద్దును తొలగించింది.

మీ గేరును ఆనాటి చక్రంతో పోల్చాలంటే, ముందు పళ్ల చక్రంలోని పళ్ల సంఖ్యను వెనుకదాని పళ్లతో భాగించి, చక్రం వ్యాసంతో గుణించండి. ముందు 44, వెనుక 22, వ్యాసం 27 అంగుళాలైతే 54 వస్తుంది. అంటే మీరు 54 అంగుళాల చక్రాన్ని తొక్కుతున్నట్లే, ఒక చుట్టుకు దాదాపు 4.3 మీటర్లు సాగుతారు. వెనుక 11 పళ్లు పెడితే 108 అంగుళాలు, తొమ్మిది అడుగుల చక్రం! అంత ఎత్తుకు ఏ కాలూ అందేది కాదు. సమతల దారిలో మోకాళ్లమీద ఒత్తిడి తెలిస్తే, పంతానికి పోకుండా ఈ సంఖ్యను తగ్గించుకోవడం మంచిది. ఎత్తు ఎక్కేటప్పుడు మరింత తగ్గించాలి.

ఎత్తు సైకిలుమీద మనిషి దాదాపు ముందు ఇరుసుపైనే కూర్చునేవాడు కనుక, గట్టిగా బ్రేకు వేసినా చక్రానికి రాయి అడ్డుపడినా తలకిందులుగా ముందుకు పడేవాడు. నేటి సైకిలుమీద ఆ ప్రమాదం తగ్గింది గానీ పోలేదు. ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేకుదే అయినా, దాన్ని ఒక్కసారిగా నొక్కకుండా రెండు బ్రేకులనూ క్రమంగా బిగిస్తూ, శరీరాన్ని కాస్త వెనక్కి జరపాలి.

ఇక టైర్లు. పారిస్ వాహనాల ఇనుప పట్టీల కుదుపు, 1888లో జాన్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరు రూపొందించిన తరువాతగానీ తీరలేదు. గాలి మరీ ఎక్కువ కొడితే ఆ కుదుపు మళ్లీ వస్తుంది, మరీ తగ్గితే ట్యూబు రిమ్ముకు నొక్కుకుని పంక్చరవుతుంది. టైరు పక్కన ముద్రించిన హద్దులకు లోబడి, తొక్కేవారి బరువును బట్టి గాలి నింపుకోండి. ట్యూబు నుంచి గాలి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది కనుక వారానికొకసారి చూసుకోవాలి.