ఎల్ ఆకారపు హాల్లో సరౌండ్ సౌండ్

హాలు ఎల్ ఆకారంలో ఉండి, ఒకవైపు గోడే లేకపోతే 5.1 స్పీకర్లు (చుట్టూ ఐదు స్పీకర్లు, బేస్ అనే లోతైన శబ్దం కోసం ఒక సబ్‌వూఫర్) కుదరవని చాలామంది సౌండ్‌బార్‌తో సరిపెట్టుకుంటారు. అక్కర్లేదు. గది ఆకారాన్ని వదిలేసి, మీరు కూర్చునే చోటు నుంచి కొలవడం మొదలుపెట్టండి. పక్క, వెనక శబ్దాలను వినిపించే సరౌండ్ స్పీకర్లు రెండూ మీకు పక్కగా, కాస్త వెనక్కి, అంటే టీవీ వైపు నుంచి సుమారు 110 డిగ్రీల కోణంలో, చెవికన్నా కొంచెం ఎత్తులో ఉంటే చాలు. గోడ లేనివైపు స్టాండు మీద పెట్టండి.

మీ నుంచి రెండిటి దూరం సమానంగా రాదు, ఫర్వాలేదు. శబ్దం 34 సెంటీమీటర్లు దాటడానికి దాదాపు 1 మిల్లీసెకను పడుతుంది. ఒక్కో స్పీకరు దూరాన్ని టేపుతో కొలిచి రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్) మెనూలో వేస్తే, దగ్గరున్న స్పీకరును అది ఆ మేరకు ఆలస్యం చేస్తుంది. తర్వాత రిసీవర్ ఒక్కో స్పీకరులో వినిపించే టెస్ట్ టోన్‌తో, అన్నీ ఒకే స్థాయిలో వినిపించేలా లెవెల్స్ సరిచూసుకోండి.

సబ్‌వూఫర్ దగ్గర మాత్రం ఓపిక పట్టండి. దాన్ని కాసేపు మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. బేస్ గుయ్యిమనకుండా నిండుగా వినిపించిన చోటే దాని స్థానం. మూలలో పెట్టేసి వదిలేయడం కన్నా ఈ అరగంట శ్రమ ఎంతో నయం.