ఇంపీడెన్స్ కొలతలు, పాఠం 3: మూడు స్క్వేర్ వేవ్‌లతో ఒక సైన్ వేవ్

పోయిన పాఠంలో ఇంపీడెన్స్‌ని (ఏసీ కరెంటుకి ఎదురయ్యే అడ్డుని) కొలిచే ఏడీ5933 చిప్ లోపల ఏముందో చూశాం: 27 బిట్‌ల ఫేజ్ అక్యుములేటర్ (వేవ్‌లో ఎంత దూరం వచ్చామో లెక్కపెట్టేది), సైన్ విలువల పట్టిక, దాని వెనక డీఏసీ (అంకెల్ని వోల్టేజీగా మార్చేది). ఫ్రీక్వెన్సీని హెర్ట్జ్‌లో పదో వంతు కన్నా సన్నగా జరపొచ్చు. బాగానే ఉంది. కానీ ఒంట్లో కొవ్వెంతో చూపించే వెయింగ్ మెషిన్‌కి అంత హంగామా ఎందుకు? చాలావాటికి 50 కిలోహెర్ట్జ్ ఒక్కటే చాలు. చిప్‌లో చోటు, కరెంటు రెండూ పొదుపు చేయాల్సి వస్తే పట్టిక లేకుండానే పని కానిచ్చే పద్ధతి ఒకటుంది. ఈసారి దాన్ని బ్రెడ్‌బోర్డ్ మీద కడదాం.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. రెండే మెట్ల మధ్య పైకీ కిందికీ దూకే స్క్వేర్ వేవే పంపిస్తే పోదా? పోదు. అందులో మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీ ఉన్న సైన్ వేవ్) మూడో వంతు, ఐదోది ఐదో వంతు ఉంటాయి. కొలిచే వైపు కూడా తిరిగొచ్చిన సిగ్నల్‌ని ఇలాంటి స్క్వేర్ వేవ్‌తోనే, అంటే స్విచ్‌లతో గుణిస్తే అక్కడా అవే వంతులు. రెసిస్టర్‌ని కొలిస్తే ఒక్క మూడో హార్మోనిక్ వల్లే తొమ్మిదో వంతు, అంటే 11 శాతం తప్పు. కెపాసిటర్ అయితే మూడింతల ఫ్రీక్వెన్సీలో కరెంటు కూడా మూడింతలు కాబట్టి తప్పు ఏకంగా మూడో వంతుకి చేరుతుంది.

ఇప్పుడు కిటుకు. ఒకే స్క్వేర్ వేవ్‌కి మూడు కాపీలు తీసుకుని, ఒక్కోదాన్ని 45 డిగ్రీలు ఆలస్యం చేసి, మధ్యదాన్ని 1.414 రెట్లు చేసి కలపాలి. అసలు ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ ఉన్న రెండు కాపీలు కలిసి 1.414 అవుతాయి, మధ్యదానికి తోడవుతాయి. మూడో హార్మోనిక్‌కి అదే ఆలస్యం 135 డిగ్రీలు, ఐదోదానికి 225. అక్కడ ఆ రెండూ కలిసి మైనస్ 1.414. మధ్యదానితో చెల్లుకు చెల్లు!

సర్క్యూట్‌కి 74హెచ్‌సీ164 షిఫ్ట్ రిజిస్టర్ (క్లాక్ తట్టిన ప్రతిసారీ బిట్‌లని ఒక్కో అవుట్‌పుట్ ముందుకి జరిపేది) ఒకటి, ఇన్వర్టర్ (0ని 1గా, 1ని 0గా మార్చే గేటు) ఒకటి చాలు. నాలుగో అవుట్‌పుట్‌ (6వ పిన్)ని ఇన్వర్టర్ గుండా తిప్పి 1, 2 పిన్‌లకి ఇవ్వండి. క్లాక్ 8వ పిన్‌కి. ఎనిమిది క్లాక్‌లకి ఒక చుట్టు, కాబట్టి 50 కిలోహెర్ట్జ్ కావాలంటే క్లాక్ 400 కిలోహెర్ట్జ్. 3, 5 పిన్‌ల నుంచి 10 కిలో ఓమ్‌లు, 4వ పిన్ నుంచి 7.07 కిలో ఓమ్‌లు తెచ్చి ఒకే చోట కలపాలి. 7.07 ఎక్కడ దొరుకుతుందని కంగారు పడొద్దు, 6.8 కిలో ఓమ్‌ల పక్కన 270 ఓమ్‌లు సిరీస్‌లో పెడితే సరిగ్గా అంతే.

5 వోల్టుల సప్లైకి ఆసిలోస్కోప్ మీద మెట్లు ఇలా కనబడాలి: 0, 1.46, 3.54, 5, మళ్లీ 5, 3.54, 1.46, 0.

నేను మొదటిసారి కట్టినప్పుడు మెట్లు కాదు, గుర్తుపట్టలేని పిచ్చి గీతలు వచ్చాయి. అరగంట రెసిస్టర్ల రంగులు చూస్తూ కూర్చున్నా. తప్పు వాటిది కాదు. పవర్ ఇవ్వగానే రిజిస్టర్‌లో 0100 లాంటిదేదైనా పడితే అది ఇంకో చుట్టులో ఇరుక్కుని అందులోనే తిరుగుతుంది. 9వ పిన్‌ని ఒక క్షణం గ్రౌండ్‌కి తాకించి వదిలితే దారిలో పడుతుంది. చిప్ డిజైన్‌లోనూ ఈ రీసెట్ మర్చిపోకూడదు.

చిప్ లోపల కచ్చితమైన 1.414 రాదు, ఒకే సైజు ముక్కల్ని లెక్కపెట్టి కలుపుతారు. పక్క కాపీలకి ఒక్కోదానికి 5 ముక్కలు, మధ్యదానికి 7, అంటే 5కి 7 తీసుకుంటే మూడో హార్మోనిక్ 0.17 శాతం మిగులుతుంది. 12కి 17 అయితే 0.03 శాతమే. నేనైతే చిన్న పరికరానికి 5కి 7తోనే సరిపెడతాను. ముక్కల మధ్య తేడాలు ఎలాగూ ఆ లెక్కని కొంత చెడగొడతాయి.

సెన్సర్‌కి కలిపే ముందు ఆప్‌ఆంప్ బఫర్ (వోల్టేజీని మార్చకుండా కరెంటు ఇవ్వగలిగే మెట్టు) పెట్టండి, ఆ కలిసిన చోట దాదాపు 2.9 కిలో ఓమ్‌ల అడ్డు ఉంది మరి. దాని వెనక ఒక కెపాసిటర్ కూడా. లేకపోతే 2.5 వోల్టుల డీసీ పోయి ఎలక్ట్రోడ్ మీద కూర్చుంటుంది.

ఏడో హార్మోనిక్ మాత్రం ఏడో వంతుతో అలాగే మిగిలింది. దాని సంగతి వచ్చే పాఠంలో, ఆర్‌సీ ఫిల్టర్‌తో. ఈలోగా మధ్యలో కూడా 10 కిలో ఓమ్‌లే పెట్టి చూడండి. మూడో హార్మోనిక్ 5.7 శాతం తిరిగి రావాలి, ఎందుకో కాగితం మీద తేల్చండి.