ఇండెక్సింగ్ టేబుల్‌కు మోటార్ కొనే ముందు

జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో ఫిల్లింగ్ లైన్‌కు ఇండెక్సింగ్ టేబుల్, అంటే కొంచెం తిరిగి, ఆగి, మళ్లీ తిరిగే టేబుల్ పెడుతున్నారా? ఎన్ని హెచ్‌పీ అన్నది తర్వాతి మాట. ముందు టేబుల్ బరువు, వ్యాసం కొలవండి. మందం మార్చకుండా వ్యాసం రెట్టింపు చేస్తే జడత్వం 16 రెట్లవుతుంది. సీసాలను పట్టి ఉంచే ఫిక్చర్లు, నిండు సీసాలు కూడా లెక్కలోకే. అంచున ఉంటాయి కాబట్టి వాటి బరువే ఎక్కువ ఏడిపిస్తుంది.

నేనొకసారి ఖాళీ టేబుల్‌ను చూసుకుని స్టెప్పర్ (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటార్) పెట్టాను. ట్రయల్‌లో చక్కగా తిరిగింది. సీసాలు ఎక్కగానే స్టెప్పులు తప్పి, నాజిల్ సిరప్‌ను సీసా భుజం మీద పోసింది. అందుకే ఇప్పుడు ఎంత తిరిగిందో కొలిచి చెప్పే ఎన్‌కోడర్ లేకుండా ఒప్పుకోను.

తిరిగే సమయం సగానికి తగ్గిస్తే వేగం అందుకోవడానికి 4 రెట్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. ఓనర్ రేపు స్పీడ్ పెంచమంటాడు, తప్పకుండా అంటాడు. మార్జిన్ ఉంచుకోండి.

గేర్‌బాక్స్‌లో లూజు చూడండి: 300 మి.మీ. వ్యాసార్ధం దగ్గర 0.1 డిగ్రీ లూజు అంటే అర మిల్లీమీటర్.

మోటార్ నేమ్‌ప్లేట్ రేటింగ్ మామూలుగా చుట్టూ గాలి 40 డిగ్రీల వేడి వరకే. మే నెల నల్లగొండ ఎండలో రేకుల షెడ్డు సంగతి మీకు తెలిసిందే. కేబుల్, మోటార్‌ను నడిపే డ్రైవ్ కూడా మోటార్‌తో పాటే తీసుకోండి.